పాత సింగిల్ షాట్ బ్లాక్ పౌడర్ పిస్తోలు మొదటిసారి కొనేవాళ్లు ఏం చూడాలి, ఎలా చూడాలి

గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన సీసపు గుండు పెట్టి, కడ్డీతో దట్టించి, ఒక్కసారి పేల్చాక మళ్లీ మొదటి నుంచీ ఇదంతా చేసుకోవాల్సిన పిస్తోళ్ల గురించి ఇది. ఏజెన్సీ ప్రాంతాల వార్తల్లో నాటు తుపాకీ అన్న మాట వింటుంటాం కదా, పనిచేసే పద్ధతి దాదాపు అదే. మందుని మాత్రం బ్లాక్ పౌడర్ అనే రాస్తాను, నల్లమందు అంటే మనవాళ్లకి వేరే వస్తువు గుర్తొస్తుంది. నేను అమెరికాలో ఉంటాను కాబట్టి కొనే పద్ధతంతా ఇక్కడిదే చెప్తాను, ఇండియాలో ఉన్నవాళ్లకి చెప్పాల్సింది మధ్యలో చెప్తాను. ఇంకో మాట, ఇదంతా దాచుకోవడానికి, చూసుకోవడానికి కొనేవాళ్ల కోసం. కాల్చాలని సరదా ఉంటే నూట డెబ్బై ఏళ్ల నాటి ఇనుముతో ప్రయోగాలు చేయకండి. ఇటలీలో పెడెర్సోలీ లాంటి వాళ్లు ఇప్పటికీ కొత్తగా తయారుచేస్తున్నారు, అవి కొనుక్కుని, నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకుని కాల్చండి.

ముందు చట్టం సంగతి

డబ్బు తీసే ముందు చేయాల్సిన పని ఇదే. అమెరికా ఫెడరల్ చట్టం, అంటే 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం 1898లోగానీ అంతకు ముందుగానీ తయారైన తుపాకీ యాంటిక్ కింద లెక్క, మామూలు తుపాకీకి ఉండే ఫారాలూ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లూ దీనికి ఉండవు. ఇది విని చాలామంది అయితే ఇక గొడవే లేదనుకుంటారు. అక్కడే పొరపాటు. రాష్ట్రాల చట్టాలు వేరు, కొన్నిచోట్ల సిటీ నిబంధనలు కూడా వేరు, పైగా మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ తుపాకుల విషయంలో బాగా కఠినమైన రాష్ట్రం. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వీసా మీద ఉన్నవాళ్లకి మామూలు తుపాకుల మీద ఫెడరల్ నిషేధం ఉంది, యాంటిక్ ఆ నిర్వచనంలోకి రాదన్నది నిజమే కానీ, ఆ తేడా రోడ్డు మీద ఆపిన పోలీసుకి మీరు వివరించి ఒప్పించాల్సి వస్తే అప్పుడుండే టెన్షన్ ఊహించుకోండి. మీ రాష్ట్రంలో తుపాకీ చట్టాలు చూసే లాయర్‌తో ఒక గంట మాట్లాడి, ఆయన చెప్పింది ఈమెయిల్‌లో రాయించుకోండి. ఆ ఫీజు పిస్తోలు ఖరీదులో భాగమే అనుకోండి. బ్లాక్ పౌడర్ సంగతి మళ్లీ వేరు, అది పేలుడు పదార్థం, దాని నిబంధనలు దానికున్నాయి. దాచుకునేవాళ్లకి అది ఎలాగూ అక్కర్లేదు, ఇంట్లోకి రానివ్వకండి.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు యాంటిక్‌ని అలంకరణ వస్తువుగా, క్యూరియోగా, అంటే పాతకాలపు వింత వస్తువుగా ఉంచుకోవచ్చు, కాల్చాలంటే మాత్రం సర్టిఫికెట్ కావాలి.

ఇప్పుడు ఇండియా సంగతి. అమెరికాలో కొన్నదాన్ని సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, పాతదా కొత్తదా అని కస్టమ్స్ వాళ్లు మీతో చర్చ పెట్టుకోరు. తాతగారి ఇంట్లో అటక మీద పాత పిస్తోలు దొరికింది అంటారా, 1959 ఆయుధ చట్టంలో పురాతన విలువ ఉన్న ఆయుధాలకి కొంత మినహాయింపు ఉంది, 2020లో క్యూరియో ఆయుధాల గురించి నిబంధనలు కూడా సవరించారు. కానీ మీ చేతిలో ఉన్నది ఆ కోవలోకి వస్తుందో రాదో తేల్చుకోవాల్సింది మీరు కాదు. జిల్లాలో అయితే కలెక్టర్ ఆఫీసుకి, హైదరాబాద్ లాంటి చోట పోలీస్ కమిషనర్ ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. వస్తువుని చేతిలో పట్టుకుని వెళ్లకండి, ఫొటోలు చాలు. అలాగే వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దాన్ని మనంతట మనం విదేశాలకి పంపడానికి వీల్లేదు. అక్కడి నుంచి ఇక్కడికి తెప్పించుకుందామనుకునే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఒక్క రకం ఎంచుకోండి

కనిపించిందల్లా కొంటూ పోతే రెండేళ్లకి ఇంట్లో పాత ఇనుము మిగులుతుంది. ఒక్క మోడల్ పట్టుకుని, దాని గురించి అమ్మేవాడి కంటే మీకు ఎక్కువ తెలిసే దాకా చదవండి, చూడండి.

మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పేది అమెరికన్ సైన్యం వాడిన 1842 మోడల్ పిస్తోలు. ఇది చెకుముకి రాయితో కాకుండా చిన్న రాగి క్యాప్ మీద హ్యామర్ పడి పేలే రకం. కనెక్టికట్‌లోని మిడిల్‌టౌన్‌లో హెన్రీ ఆస్టన్ అనే ఆయన 1845లో 30,000 పిస్తోళ్లకి కాంట్రాక్టు తీసుకున్నాడు, తర్వాత అదే ఊళ్లో ఐరా జాన్సన్ ఇంకో 10,000 చేశాడు. 54 క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు 0.54 అంగుళాలు, ఎనిమిదిన్నర అంగుళాల గొట్టం, మొత్తం పొడవు 14 అంగుళాలు, ఇత్తడి పట్టీలు, దట్టించే కడ్డీ ఊడిపోకుండా మూతి దగ్గర చిన్న ఇరుసు. ఇన్ని వేలు చేశారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతాయి, ముద్రలు ఎక్కడెక్కడ ఉండాలో తెలిసిపోయాయి, ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. ఓ మాదిరి స్థితిలో ఉన్నవి నేను వెయ్యి డాలర్లకి అటూ ఇటూ చూశాను.

ఇదే పిస్తోలుకి సౌత్ కరోలినాలోని కొలంబియాలో పల్మెటో ఆర్మరీ వాళ్లు 1852-53 ప్రాంతంలో చేసిన తమ్ముడు ఒకటుంది, సుమారు వెయ్యే చేశారు, ముద్రలో తాటిచెట్టు లాంటి చెట్టు బొమ్మ ఉంటుంది. అరుదు కాబట్టి ఖరీదు, ఖరీదు కాబట్టి మోసాలు. ఆస్టన్ ముద్ర అరగదీసి దాని మీద చెట్టు బొమ్మ కొట్టి అమ్మినవి చాలా ఉన్నాయి. మొదటి అయిదేళ్లూ దాని జోలికి వెళ్లకండి.

చెకుముకి రకం మీద మనసుంటే హార్పర్స్ ఫెర్రీ 1805 మోడల్ గురించి వినే ఉంటారు, ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారైన మొదటి అమెరికన్ సైనిక పిస్తోలు అదే. 1806 నుంచి 1808 మధ్య నాలుగు వేల పైచిలుకు చేశారు, అమెరికన్ మిలిటరీ పోలీసుల చిహ్నంలో అడ్డంగా పెట్టిన రెండు పిస్తోళ్లు ఇవే. అవి మ్యూజియంలో చూసి ఆనందించాల్సినవి, మొదటి కొనుగోలుకి కాదు. డెరింజర్ అని అమ్మేవాటితో కూడా జాగ్రత్త. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసిన చిన్న జేబు పిస్తోలుతోనే 1865లో లింకన్‌ని కాల్చారు, ఆ పిస్తోలు ఇప్పటికీ వాషింగ్టన్‌లో ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో ఉంది. ఆయన బతికుండగానే ఆ పేరుని కాపీ కొట్టినవాళ్లు ఉన్నారు, స్పెల్లింగ్‌లో ఒక ఆర్ అక్షరం ఎక్కువ ఉన్న ముద్ర కనిపిస్తే అది ఆయన చేసింది కాదు. ఆయన ముద్రలో మధ్యలో ఒక్క ఆర్ మాత్రమే ఉంటుంది.

కొనే ముందు కళ్లు అలవాటు చేసుకోండి

అసలైనవి వందసార్లు చూస్తే గానీ నకిలీ కంటికి తగలదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ, మసాచుసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ, ఇండియా వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం, ఇవన్నీ తీరిగ్గా చూడండి. తర్వాత షోలకి వెళ్లండి. బాల్టిమోర్ దగ్గర టిమోనియంలో జరిగే యాంటిక్ ఆయుధాల షో పాతవాటికే పేరు, ఓక్లహామాలో టల్సా షో మరీ పెద్దది. మొదటి షోకి పర్సు తీసుకెళ్లకండి, నిజంగానే చెప్తున్నాను. అడిగి పట్టుకోండి, చూడండి, అమ్మేవాళ్లతో మాట్లాడండి. ఆ బల్లల వెనక కూర్చునే పెద్దాయనల్లో చాలామంది, కొనకపోయినా సరే, ఆసక్తిగా అడిగే కుర్రాడు దొరికితే అరగంట పాఠం చెప్తారు. నాకు వచ్చినదంతా అలా వచ్చిందే.

నేను ఇలా చేయకుండా కొన్న మొదటి పిస్తోలు గురించి చెప్పాలి. మాది బందరు దగ్గర. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టిందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాణ్ణి. ఆన్‌లైన్‌లో కంపెనీ సింహం ముద్ర ఉన్న చెకుముకి పిస్తోలు అని కనిపించగానే మిగతావేవీ చూడలేదు. వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లతో కిరీటం పట్టుకున్న సింహం 1808 తర్వాత కంపెనీ ముద్ర, అంతవరకూ నిజమే. ఇంటికొచ్చాక కిటికీ దగ్గర పెట్టి చూస్తే సింహం కుక్కలా ఉంది. లండన్ టవర్ ఆయుధశాల ముద్ర అయిన టవర్ అన్న మాటలో అక్షరాలు ఒకటి పైకీ ఒకటి కిందకీ, మేకుతో గీకినట్టున్నాయి. చెక్క వాల్‌నట్ కాదు. లాక్, అంటే హ్యామర్‌నీ స్ప్రింగ్‌నీ పట్టి ఉంచే పేల్చే యంత్రం, విప్పితే లోపల ఆకురాయి గీతలు నిన్న గీసినట్టు మెరుస్తున్నాయి. ఖైబర్ కనుమ ప్రాంతంలో ఇలాంటివి తరతరాలుగా చేస్తున్నారు, సైనికులకీ టూరిస్టులకీ అమ్ముతున్నారు. అమ్మినవాడు వాపసు తీసుకోలేదు, అడగాల్సిన ప్రశ్నలు నేనూ ముందు అడగలేదు. సొంత ఊరి మీద ప్రేమతో కళ్లు మూసుకోవద్దని చెప్పడానికే ఇది రాశాను. సింహం ముద్ర కనిపిస్తే ఇప్పటికీ నా గుండె కొట్టుకుంటుంది, కానీ ముందు లాక్ విప్పి చూపించమంటాను.

చేతికి రాగానే: లోపల మందు ఉందా

ఇది అన్నిటికంటే ముఖ్యం, దయచేసి దాటేయకండి. దట్టించి మర్చిపోయిన పాత పిస్తోళ్లు ఇప్పటికీ బయటపడుతుంటాయి, తడి తగలకపోతే బ్లాక్ పౌడర్ వందేళ్లయినా చావదు. 2013లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక పాత ఫిరంగిని శుభ్రం చేస్తుంటే లోపల మందూ గుండూ రెండూ ఉన్నాయి, మందు ఇంకా అంటుకునే స్థితిలోనే ఉంది. అప్పటిదాకా అది ఎన్నేళ్లు జనం మధ్యలో ఉందో ఆలోచించండి.

పరీక్ష సులువు. మూతి మనుషుల వైపు లేకుండా, మీ మొహం దానికి ఎదురుగా రాకుండా, సన్నటి చెక్క పుల్లని గొట్టంలోకి అడుగు తగిలేదాకా పోనివ్వండి. మూతి దగ్గర పుల్ల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. బయటికి తీసి, ఆ గుర్తు మూతి దగ్గరే ఉండేలా గొట్టం పక్కన ఆనించి చూడండి. పుల్ల చివర క్యాప్ పెట్టే నిపుల్ దాకా, చెకుముకిది అయితే పక్కనుండే చిన్న రంధ్రం దాకా రావాలి. అంగుళమో అంగుళంన్నరో ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉంది. అలాంటప్పుడు ఇనుప కడ్డీ పెట్టి పొడవడం, వేడిచేయడం, డ్రిల్ పెట్టడం, ఏవీ వద్దు. పక్కన పెట్టి, పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌కి ఫోన్ చేయండి.

ఇప్పుడు వస్తువుని చదవండి

అమ్మేవాడు కథ చెప్తాడు. అంతర్యుద్ధంలో మా ముత్తాత వాడాడు, ఫలానా కెప్టెన్‌ది, ఇలా. వినండి, మర్యాదగా తలూపండి, ఆ కథకి కాగితం లేకపోతే దాని కోసం ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వకండి.

మొదట స్క్రూలు చూడండి. నేను అన్నిటికంటే ముందు చూసేది అవే. పాత స్క్రూల గాడి సన్నగా ఉంటుంది. ఆ గాడి అంచులు చెదిరి, పిండేసినట్టు ఉంటే ఎవరో చేతకానివాడు చాలాసార్లు విప్పాడన్నమాట, అక్కడి నుంచి అనుమానంతో చూడాలి. ప్లస్ గుర్తు గాడి ఉంటే ఆ స్క్రూ మన కాలంది.

తర్వాత ముద్రలు. ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి, బాగా వాలుగా పట్టుకుని, చిన్న భూతద్దంతో చూడండి. తుప్పు గుంటలు అక్షరాన్ని తినేసి ఉండాలి, అంటే ముందు ముద్ర పడింది, తర్వాత తుప్పు పట్టింది. అలా కాకుండా గుంటల మీదుగా అక్షరం పదునుగా, శుభ్రంగా దిగి ఉంటే, తుప్పు పట్టాక ఎవరో ముద్ర కొట్టారు. ఈ ఒక్క సూత్రం నన్ను మూడుసార్లు కాపాడింది. 1842 మోడల్‌లో లాక్ పలక మీద యూఎస్ అన్న అక్షరాలతో పాటు తయారీదారు పేరు, ఊరు, సంవత్సరం ఉంటాయి, ఎడమ పక్క చెక్క మీద తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టర్ల పొడి అక్షరాలు కోడిగుడ్డు ఆకారంలో అచ్చు వేసి ఉంటాయి. ఆ అచ్చు అంచులు చేతికి తెలుస్తుంటే చెక్కని ఎవరూ సాండ్‌పేపర్ పట్టలేదని అర్థం. చెక్క ఇనుము కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి, లోతుకి పోయి ఉంటే అరగదీశారు. బెల్జియం జేబు పిస్తోలు అయితే లియేజ్ ముద్ర వెతకండి, కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈఎల్‌జీ అక్షరాలు, కింద నక్షత్రం. పైన కిరీటం కూడా ఉంటే ఆ ముద్ర 1893 తర్వాతది, 1840 నాటిది అని చెప్పి అమ్ముతుంటే నవ్వి వచ్చేయండి.

తుప్పు రంగు కూడా మాట్లాడుతుంది. పాత తుప్పు నల్లగా, గోధుమరంగులో, చేతికి నున్నగా ఉంటుంది, కొత్తది ఎర్రగా వేలికి అంటుతుంది. యాసిడ్‌తో పాతబరిచినవి అంతటా ఒకేలా ఉంటాయి. నిజంగా వాడిన పిస్తోలు చేయి పట్టుకునే చోట, తోలు తొడుగు రాసుకునే మూతి అంచుల్లో అరిగి, చేయి తగలని మూలల్లో అరగకుండా ఉంటుంది.

చెకుముకి పిస్తోళ్లలో ఇంకో చిక్కు ఉంది. స్కాట్లాండ్‌లో ఫోర్సిత్ అనే మతగురువు 1807లో పేటెంట్ తీసుకున్న పద్ధతి నుంచి క్యాప్ పుట్టాక, పాత చెకుముకి తుపాకుల్ని క్యాప్ రకంగా మార్చేశారు, అది ఆ కాలపు మార్పే, అందులో తప్పేమీ లేదు. కానీ చెకుముకి రకానికి ధర ఎక్కువ కాబట్టి ఇప్పటివాళ్లు వాటిని మళ్లీ వెనక్కి మారుస్తున్నారు. లాక్ పలక మీద పూడ్చిన రంధ్రాలు, మిగతా ఇనుము కంటే కొత్తగా కనిపించే మందు పళ్లెం, గొట్టం పక్కన వేరే లోహం అతికించిన గుండ్రటి మచ్చ, ఇవి వెతకండి. అమ్మేవాణ్ణి సూటిగా అడగండి, వెనక్కి మార్చిందా అని. మార్చింది అని చెప్పి తక్కువకి ఇస్తే కొనొచ్చు, నేనొకటి అలా కొన్నాను కూడా.

చివరగా, అడిగి, లోపల ఖాళీ అని తేలాకే, హ్యామర్‌ని నెమ్మదిగా వెనక్కి లాగండి. మధ్య మెట్టు మీద గట్టిగా నిలబడాలి. ట్రిగ్గర్ నొక్కి ఖాళీగా కొట్టించకండి, నిపుల్ చితికిపోతుంది, లోపలి స్ప్రింగ్ విరగొచ్చు, విరిగితే ఆ టేబుల్ దగ్గర మీ పరువూ డబ్బూ రెండూ పోతాయి.

బేరం

వేలంలో కొంటే సుత్తి దెబ్బ పడిన ధర మీద కొనేవాళ్ల ప్రీమియం వేరే ఉంటుంది, 20 శాతం, కొన్నిచోట్ల ఇంకా పైన. వెయ్యికి పాడితే కనీసం 1,200 అయిందని ముందే లెక్కేసుకోండి, ఆపైన పన్ను, పార్సిల్. షోలో అయితే నెమ్మదిగా బేరమాడండి, లోపాలు ఎత్తిచూపి తక్కువ చేసి మాట్లాడకుండా, ఇంతకి ఇస్తారా అని ఒక్కసారి మర్యాదగా అడగండి, చాలాసార్లు తగ్గిస్తారు. రసీదు మీద మోడల్, సంవత్సరం, మార్పులు లేవు అన్న మాట, మూడు రోజుల్లో వాపసు అన్న మాట రాయించుకోండి. రాయనంటే అదే జవాబు.

ఇంటికొచ్చాక

మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చింతపండు గుర్తొస్తుంది. పండక్కి చెంబులూ దీపపు కుందులూ తోమినట్టు 1842 పిస్తోలు ఇత్తడి పట్టీలన్నీ తోమేశాను నేను. తళతళా మెరిశాయి. తర్వాతి షోలో ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని, ఏమీ అనకుండా బొటనవేలితో ఆ ఇత్తడిని ఒకసారి నిమిరి, తిరిగి ఇచ్చేశాడు. నూట అరవై ఏళ్లకి పైగా పట్టిన ఆ తేనెరంగు మళ్లీ రాదు. ఇత్తడి తోమొద్దు, ఇనుము మెరిపించొద్దు, చెక్కకి వార్నిష్ వేయొద్దు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఎర్ర తుప్పు ఉన్నచోట కాస్త తేలిక నూనె పూసి ఒక రోజు వదిలి గుడ్డతో తుడిస్తే చాలు. పైన రినైసాన్స్ వ్యాక్స్ పలచగా పట్టించండి, బ్రిటిష్ మ్యూజియంలో పుట్టిన మైనం అది, చెక్కకీ ఇనుముకీ రెండిటికీ పనికొస్తుంది. తోలు సంచిలో మాత్రం దాచకండి, తోలు తేమని పట్టి ఉంచి ఇనుముని తింటుంది, ఇత్తడి మీద పచ్చగా చిలుము కట్టిస్తుంది. పిల్లలున్న ఇల్లయితే గాజు తలుపుకి తాళం ఉండాలి, క్యాప్‌లు ఇంట్లో ఉండకూడదు.

ప్రతి పిస్తోలుకీ ఒక కార్డు రాసి దానితోపాటే పెట్టండి. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకి కొన్నారు, కొలతలు, ముద్రలు, ఫొటోలు, ఆ తర్వాత మీరు దానికి చేసినవన్నీ. మీ తర్వాత అది ఇంకొకరి చేతికి వెళ్తుంది, వాళ్లకి ఇవన్నీ తెలియాలి. నా ఆస్టన్ పిస్తోలు కార్డు మీద, రసీదు వివరాల కింద, ఇత్తడి పట్టీలు చింతపండుతో తోమడం జరిగింది, పాత రంగు పోయింది, అని తేదీ వేసి రాసి పెట్టాను.